ఒక్కడికే సరిపోయిన సీటు

నేను ఒక సైకిలు సీటుని. రేసు సైకిలుది, తోలు సీటుని. నా మీద కూర్చున్నవాళ్లు చాలామందే ఉన్నారు గానీ, హాయిగా కూర్చున్నవాడు ఒక్కడే. అతని కథే నా కథ. మనుషుల జీవితచరిత్రలు రాసేవాళ్లు ఎప్పుడూ మొహం వైపు నుంచి మొదలుపెడతారు. కళ్లు చురుగ్గా ఉండేవనీ, నుదురు విశాలమనీ రాస్తారు. నేను ఇంకో వైపు నుంచి చూసినదాన్ని. మొహం అబద్ధమాడగలదు, కూర్చునే చోటు ఆడలేదు. భయపడ్డవాడు ముందుకి జరుగుతాడు, అలిసినవాడు వెనక్కి జరుగుతాడు, అబద్ధం చెబుతున్నవాడు ఒక పక్కకి ఒరుగుతాడు. ఇంత దగ్గరగా ఒక మనిషిని తెలుసుకోవడం కట్టుకున్న భార్యకి కూడా కుదరదు.

బెల్జియం సీటుకి తెలుగెలా వచ్చిందని మీరు అడక్కముందే చెబుతాను. సీటు కాకముందు నేను దివిసీమలో ఒక దున్నపోతుని. బురద చేలల్లో నాగలి లాగాను, కాలవలో మెడదాకా మునిగి కళ్లు మూసుకున్నాను, పెద్దతనం వచ్చి పోయాను. పోయాక నా తోలుని తంగేడు చెక్క నీళ్లలో నానబెట్టి పదును చేశారు, కట్టలు కట్టి మద్రాసులో ఓడ ఎక్కించారు. బతికుండగా పక్క ఊరి సంత దాటనిదాన్ని, చచ్చాక సముద్రాలు దాటాను. ఇది చాలామంది మనుషులకి కూడా దక్కని అదృష్టం.

చేతులు మారి మారి నేను చేరింది ఫ్లాండర్స్ అనే చోటుకి. బెల్జియంలో సముద్రం పక్కనున్న పల్లపు సీమ అది. పల్లం కదా, మా దివిసీమలాగే ఉంటుందనుకున్నాను. కానీ అక్కడ ఎండ చుట్టంలా వచ్చిపోతుంది, వాన ఇంటిమనిషిలా ఉండిపోతుంది. దున్నపోతు మీద వాన కురిసినట్టు అని మీరు తేలిగ్గా అనేస్తారు. బతికున్నంతకాలం నాకూ అది నిజమే. తోలునయ్యాకే వాన అంటే ఏమిటో తెలిసింది. తడిసిన తోలు మీద మనిషి కూర్చుంటే అది సాగిపోతుంది, సాగినది మళ్లీ బిగవదు. నా బతుకులో సగం భయం ఆ ఆకాశాన్ని చూసి పడ్డదే.

నన్ను సీటుగా చేసినవాడి పేరు ఫోన్స్. ఇంటి వెనక చిన్న కొట్టంలో పని. తోలుని నీళ్లలో నానబెట్టి, ఇత్తడి అచ్చు మీద పరిచి, చుట్టూ బిగించి ఎండబెట్టేవాడు. ఆరాక అంచులు కోసి, ఇనప చట్రం మీద రాగి మేకులతో కొట్టేవాడు. చెయ్యి మంచిదే గానీ మనసు ఆకాశంలో ఉండేది. ఆ సీమలో ఇంటింటికీ పందెం పావురాలు ఉంటాయి. దూరదేశం తీసుకెళ్లి వదిలిన పావురం ఎవరి ఇంటికి ముందు చేరితే వాళ్లది గెలుపు. ఫోన్స్ నా ఎడమవైపు ఆఖరి మేకు కొడుతుండగా అతని పావురం కప్పు మీద వాలింది. సుత్తి అక్కడే పడేసి పరిగెత్తాడు. ఆ మేకు తల కొంచెం వంకరపోయి పైకి లేచి ఉండిపోయింది. పావురం గెలిచిందో లేదో నాకు తెలియదు, ఆ వంకర మేకు మాత్రం నా గుణమైపోయింది.

నన్ను కొనుక్కున్నవాడు ఒడీల్. క్లావర్‌హెమ్ అనే చిన్న ఊరివాడు. చుట్టూ అవిసె పొలాలు, మధ్యలో చర్చి, చర్చి ఎదురుగా వాళ్లమ్మ నడిపే కఫే. కఫే అంటే కాఫీ కొట్టనుకునేరు. అక్కడ ఎక్కువగా పోసేది బీరే. పొడుగ్గా, సన్నగా, నోట్లో నాలుక లేనట్టుండేవాడు ఒడీల్. అప్పుడే ఒక జట్టులో రేసుగాడిగా సంతకం పెట్టాడు. చికోరీ పొడి అమ్మే కంపెనీ జట్టు అది. సైకిలు తొక్కడానికీ చికోరీకీ సంబంధమేమిటని నన్నడక్కండి.

కొత్త తోలు సీటు రాయితో సమానం. మొదటి వేసవి అంతా మా ఇద్దరికీ నరకం. అతనికి పుళ్లు పడ్డాయి, నాకు చెమట పట్టింది. ఆ రోజుల్లో రేసుగాళ్లకి ఒక చిట్కా ఉండేది. పల్చగా కోసిన గొడ్డుమాంసం ముక్కని నిక్కరు లోపల పెట్టుకుని తొక్కేవాళ్లు, పుండుకి మెత్తగా ఉంటుందని. ఒడీల్ వాళ్లమ్మ కూడా అలా కోసి ఇచ్చింది. మా వాళ్లలో ఎవరినో అలా మా ఇద్దరి మధ్యలో పెట్టినప్పుడు నాకు కలిగిన సిగ్గు మాటల్లో చెప్పలేను. సాయంత్రం ఆ ముక్కని ఏం చేసేవాళ్లో అడిగే ధైర్యం ఇప్పటికీ లేదు.

శీతాకాలం వచ్చేసరికి మా ఇద్దరి మధ్య యుద్ధం ముగిసింది. అతని ఎముకలు ఎక్కడ ఆనతాయో అక్కడ నాలో రెండు గుంటలు పడ్డాయి. వంకర మేకు గుచ్చుకునే చోట అతని చర్మం కాయకట్టింది. ఎడమకాలు కుడికాలికన్నా కాస్త పొట్టి అతనికి, కుదురుగా కూర్చోవాలంటే ఎడమవైపు ఏదో ఆనాలి. ఆ మేకే ఆనింది. తప్పుగా కొట్టిన మేకు ఒక్కడికి మాత్రం ఒప్పైంది. అప్పటినుంచి జట్టువాళ్లు ఏటా కొత్త సైకిలు ఇచ్చినా, అతను దాని సీటు విప్పి పక్కన పడేసి నన్ను బిగించుకునేవాడు. చుట్టూ ఉన్న సైకిలు ఒక ఏడాది ఆకుపచ్చగా ఉండేది, ఒక ఏడాది నీలంగా ఉండేది. నేను నేనుగానే ఉన్నాను.

ఇప్పుడు ఇంకో మేకు సంగతి చెప్పాలి. ఒడీల్ జీవితమంతా దాని చుట్టూనే తిరిగింది.

ఫ్లాండర్స్‌లో ఊరూరా ఏటా తిరునాళ్ల జరుగుతుంది. మన తిరునాళ్లకి ఎడ్ల పందాలుంటాయి చూడండి, అక్కడ సైకిలు పందెం ఉంటుంది. ముందు చర్చిలో ప్రార్థన, తర్వాత పందెం, తర్వాత తాగుడు. ఈ మూడింటిలో దేనికీ రానివాణ్ణి ఊరు అనుమానంగా చూస్తుంది. ఊరి చుట్టూ అదే దారిలో తిరిగి తిరిగి, చర్చి ముందు గీసిన సున్నపు గీత దాటాలి. ఆ గీత సరిగ్గా ఒడీల్ వాళ్ల కఫే గుమ్మం ముందు పడేది. గెలిచినవాడికి పూలగుత్తి ఇస్తారు. అతనికి ఏ కఫేతో సంబంధం ఉంటే ఆ కఫే గోడకి, మళ్లీ తిరునాళ్లదాకా ఆ గుత్తిని తగిలించడం ఆనవాయితీ. అది ఎండిపోయి, దుమ్ముపట్టి, రంగు పోయినా ఎవరూ తీయరు.

ఒడీల్ జట్టు చొక్కా తొడిగిన రోజున వాళ్ల నాన్న హెక్టర్ కఫేలో బీరు పోసే బల్లకి పైన, అందరికీ కనపడేచోట ఒక పెద్ద మేకు కొట్టాడు. ఒడీల్ గెలిచి తెచ్చే పూలకి తప్ప దాన్ని దేనికీ వాడకూడదన్నాడు. మరుసటి చలికాలం ఆయన ఊపిరితిత్తుల జబ్బుతో పోయాడు. మేకు ఉండిపోయింది.

వాళ్లమ్మ సిడోనీ పని తప్ప ఇంకోటి పట్టని మనిషి. ఆ బల్ల వెనకే బంగాళాదుంప ముక్కలు వేయించి అమ్మేది. వాటిని నూనెలోంచి దేవే పెద్ద చిల్లుల గరిటెకి అక్కడ సరైన చోటుండేది కాదు. కుర్చీ మీద పెడితే కుర్చీ జిడ్డు, బల్ల మీద పెడితే బల్ల జిడ్డు. చేతికి అందే ఎత్తులో మంచి మేకు ఖాళీగా కనపడుతుంటే ఆవిడకి చేతులు దురద పుట్టేవి. అయినా పోయినాయన మాట పోయినాయన మాటే. గరిటె మళ్లీ కుర్చీ మీదికే వెళ్లేది.

ఏటా తిరునాళ్లకి ఒడీల్ పందెంలో దిగేవాడు, ఏటా ఓడిపోయేవాడు. చేతకాక కాదు. ఎదురుగాలిలో రోజంతా తొక్కమంటే అతనికన్నా గట్టివాడు లేడు. కానీ ఆఖరి మలుపు తిరిగాక, గీత కనపడ్డాక, ఒక్కసారిగా విరుచుకుపడే మొండితనం కావాలి. అక్కడ అతను నా మీద వెనక్కి జరిగేవాడు. పక్కవాడికి దారి ఇస్తున్నట్టు జరిగేవాడు. పూలగుత్తి పక్కవీధి కఫేకో, పొరుగూరికో వెళ్లేది. సాయంత్రం అతను సైకిలుతో లోపలికి వచ్చి, మేకు వైపు చూడకుండా చేతులు కడుక్కుని, అమ్మకి గ్లాసులు అందించేవాడు. చూడకుండా ఉండటానికి అతను చాలా తంటాలు పడేవాడు.

దానికి కారణం అతని ఉద్యోగం. అందరూ అందలం ఎక్కితే మోసేవాళ్లెవరని మన సామెత. రేసుల్లో కూడా జట్టుకొక నాయకుడుంటాడు, మిగిలినవాళ్లు మోసేవాళ్లు. ఒడీల్ మోసేవాడు. అతని నాయకుడు జెరోమ్. భుజాలు తలుపంత ఉండేవి. నవ్వితే పత్రికల వాళ్లు పరిగెత్తుకొచ్చేవాళ్లు. గెలవబోతున్నానని తెలిస్తే గీత దగ్గరపడే ముందు సీసాలో నీళ్లు చేతిలో పోసుకుని జుట్టు దువ్వుకునే రకం. అహంకారి అందామంటే ఓడిపోయిన రోజు చిన్నపిల్లాడిలా ఏడ్చేవాడు, ఆ ఏడుపు ఒడీల్ భుజం మీదే ఏడ్చేవాడు.

గాలి వస్తే ఒడీల్ ముందుండి జెరోమ్‌కి అడ్డం తొక్కాలి. ఆకలేస్తే తన జేబులో రొట్టె ఇవ్వాలి. దాహమేస్తే ఆగి నీళ్లు తేవాలి. ఆ రోజుల్లో నీళ్లు తేవడమంటే దారిలో కనపడ్డ కఫేలోకి గుంపుగా చొరబడి, చేతికందిన సీసాలు చొక్కాలో కుక్కుకుని పారిపోవడమే. కఫేవాళ్లు తర్వాత పందెం పెట్టినవాళ్లతో పోట్లాడుకునేవాళ్లు. కఫే నడిపే ఆవిడ కొడుకు కఫేలు కొల్లగొట్టాల్సి రావడం విధి విచిత్రం. మిగతావాళ్లు దొమ్మీ చేస్తుంటే ఒడీల్ మాత్రం లోపలావిడని చల్లగా ఉన్నవి ఎటువైపున్నాయమ్మా అని అడిగి, తీసుకుని, ఒలికింది తుడిచి మరీ వచ్చేవాడు. అందుకే ఎప్పుడూ అందరికన్నా వెనకబడి, మళ్లీ ప్రాణం పోయేలా తొక్కి గుంపుని అందుకునేవాడు. ఆ తొక్కుడు నాకు తెలుసు.

అన్నిటికన్నా పెద్ద పని ఇంకోటుంది. నాయకుడి చక్రం పంక్చరైతే మోసేవాడు తన చక్రం విప్పి ఇవ్వాలి, ఇచ్చి తను రోడ్డు పక్కన నిలబడాలి. జెరోమ్ టైరు పేలిన చప్పుడు వినపడితే చాలు, ఒడీల్ బ్రేకు పట్టేవాడు. మధ్యలో ఆలోచన అనేదే ఉండేది కాదు. ఎవరైనా కేక వెయ్యకముందే అతని బరువు నా మీద నుంచి లేచిపోయేది. అలా ఎన్ని చక్రాలిచ్చాడో లెక్క అతని దగ్గరా లేదు, నా దగ్గరా లేదు.

ఒకసారి ఏకంగా సైకిలే ఇచ్చేశాడు. వసంతకాలంలో జరిగే పెద్ద పందెం అది. బండరాళ్లు పరిచిన దారులు, జోరున వాన. నా ప్రాణం అరచేతిలో పెట్టుకుని ఉన్నాను. ఒక దిగుడులో జెరోమ్ సైకిలు ముందు చక్రాన్ని పట్టి ఉంచే ఫోర్కు విరిగింది. ఒడీల్ దిగి, నాతో సహా సైకిలు అతనికిచ్చి, విరిగినదాన్ని భుజాన వేసుకున్నాడు. జెరోమ్ నా మీదికి ఎగిరి కూర్చున్నాడు. కూర్చున్న మరుక్షణం అతని నోట్లోంచి వచ్చిన మాట ఇక్కడ రాయలేను. అతని ఎముకలకి నా గుంటలు ఎక్కడా సరిపోలేదు, వంకర మేకు మాత్రం కచ్చితంగా సరిపోయింది. కూర్చోలేక సగం దారి నిలబడే తొక్కాడు. నిలబడి తొక్కినందుకే గెలిచాడని నా నమ్మకం, కానీ పత్రికలవాళ్లు నన్నెవరూ అడగలేదు. చేతులు రెండూ పైకెత్తిన జెరోమ్ ఫోటో మర్నాడు దేశమంతా చూసింది. అతని తొడ వెనక నేను సగం కనపడతాను. నాకున్న ఫోటో అదొక్కటే.

ఒడీల్ పాల లారీ ఎక్కి సాయంత్రానికి వచ్చాడు. జెరోమ్ సైకిలు తిరిగి ఇస్తూ, ఆ సీటు మీద మనిషన్నవాడు ఎలా కూర్చుంటాడని అడిగాడు. తనకి ఎప్పుడూ ఇబ్బంది లేదని ఒడీల్ ఆశ్చర్యపోయాడు. అప్పుడు జెరోమ్ తన పూలగుత్తి అతని చేతిలో పెట్టాడు. ఒడీల్ మెల్లగా వెనక్కి ఇచ్చేశాడు. ఎందుకని గుచ్చి గుచ్చి అడిగితే, ఎప్పుడూ ఎవరికీ చెప్పని ఆ మేకు సంగతి చెప్పాడు. జెరోమ్ ఆ గుత్తిని చేతుల్లో తిప్పి తిప్పి చూసి, మళ్లీ ఇవ్వబోలేదు.

కాలం ఎవరి కోసం ఆగుతుంది? ఒడీల్ మోకాళ్లు పొద్దున్నే కిర్రుమనడం మొదలుపెట్టాయి. జట్టు వచ్చే ఏడాదికి అతని పేరు రాసుకోలేదు. క్లావర్‌హెమ్ తిరునాళ్లే అతని ఆఖరి పందెం అని ఊరంతటికీ తెలిసింది. ఆ రోజు జెరోమ్ స్వయంగా వచ్చాడు. అంత పెద్ద రేసుగాడు అంత చిన్న ఊరికి రావడంతో సిడోనీ కూడా కొత్త ఆప్రాన్ కట్టుకుంది.

పందేనికి ముందు సైకిళ్లన్నీ కఫే బయటి గోడకి ఆనించి ఉన్నాయి. ఒడీల్ లోపల బూట్ల తాళ్లు కట్టుకుంటున్నాడు. జెరోమ్ గోడ పక్కన నిలబడి, ఒక్కొక్క రేసుగాణ్ణీ భుజం మీద చెయ్యేసి పక్కకి తీసుకెళ్లి ఒకే మాట చెప్పాడు.

"ఇవాళ ఒడీల్‌ది. సరేనా?"

గెలుపు వదులుకోవడానికి డబ్బడిగి ఎవరూ బేరం పెట్టలేదు. రేసుగాళ్లలో ఇది వింతల్లోకెల్లా వింత. ఒడీల్ తెచ్చిన నీళ్లు తాగనివాడు, ఒడీల్ వెనక గాలి తప్పించుకోనివాడు ఆ గుంపులో లేడు. శత్రు జట్టువాళ్లు కూడా తలూపారు. వింటున్న నాకు తోలు కింద ఎక్కడో పాత గుండె కొట్టుకున్నట్టయింది.

వాళ్లు ఇద్దరికి చెప్పలేదు. ఒకడు ఒడీల్, చెబితే ఒప్పుకోడని. రెండోవాడు కామీల్. పొరుగూళ్లో మాంసం కొట్టు నడిపే లావుపాటి మనిషి. సరదాకి ఏటా పందెంలో దిగేవాడు, కొన్ని చుట్లు తిరిగి అలిసిపోయి కొట్టు తెరవడానికి వెళ్లిపోయేవాడు. అతనికి చెప్పాలని ఎవరికి మాత్రం తోస్తుంది?

పందెం మొదలైంది. సగం చుట్లయ్యాక ఒడీల్ ముందుకి దూకాడు. వెనకనుంచి గట్టిగా వెంటపడ్డట్టు నటించారు గానీ, ఎవరూ పట్టుకోలేదు. జెరోమ్ ఒక్కడే వచ్చి కలిశాడు. ఇద్దరూ ఒకరి తర్వాత ఒకరు గాలి కాచుకుంటూ చుట్టు వెనక చుట్టు తిరిగారు. ఒడీల్ నమ్మేశాడు. అది నా బాధ. తన కాళ్లే ఇంత పని చేస్తున్నాయని నమ్మాడు. ఏడాదికేడాది ఆఖర్లో వెనక్కి జరిగే మనిషి ఆ రోజు నా మీద కదలకుండా, తేలిగ్గా, పెళ్లిపీటల మీద పెళ్లికొడుకులా కూర్చున్నాడు. అంత సంతోషాన్ని నేను అంతకుముందెన్నడూ మొయ్యలేదు. పోనీలే, ఎలాగైతేనేం, మేకు నిండుతుంది కదా అని నేనూ సర్దిచెప్పుకున్నాను.

ఆఖరి చుట్టు. బీరు తయారుచేసే కొట్టం దగ్గర మలుపు తిరిగితే చర్చి కనపడుతుంది, కఫే కనపడుతుంది, గీత కనపడుతుంది. ఆ మలుపు తిరిగాక జెరోమ్ అలిసిపోయినట్టు వెనకబడాలి. అదీ ఏర్పాటు. ఇద్దరూ మలుపు తిరిగారు. గుమ్మంలో సిడోనీ నిలబడి ఉంది. వెనక జెరోమ్ ముందు టైరు ఠప్పున పేలింది.

అలవాట్లో పొరపాటు అంటారే, అది ఇంతకన్నా కచ్చితంగా జరగదు. నా మీద బరువు లేదు. ఒడీల్ దిగిపోయాడు. గీత ఎదురుగా ఉంది, వెనక ఎవరూ లేరు, అయినా అతను సైకిలు తిప్పి, తన ముందు చక్రం విప్పి, జెరోమ్ దగ్గరికి పరిగెత్తాడు. నన్ను మాత్రం కొట్టం గోడకి ఆనించి వెళ్లాడు.

జెరోమ్ రెండు చేతులూ అడ్డం పెట్టాడు.

"ఏం చేస్తున్నావ్? పెట్టెయ్, పెట్టెయ్. పోయి గీత దాటు."

"నీ టైరు పోయింది."

"పోతే పోనీ. ఇవాళ నీది ఒడీల్. అందరం అనుకున్నాం. నువ్వు గెలవాలని అనుకున్నాం."

అప్పటికి గుంపు మలుపు తిరిగింది. నడిరోడ్డు మీద చక్రం పట్టుకున్న ఒడీల్‌ని చూసి వాళ్లకి ఏం చెయ్యాలో తెలియలేదు. అతని కన్నా ముందు గీత దాటకూడదు, దాటకుండా రోడ్డు మీద ఎంతసేపని ఉండాలి? ఒకడు గొలుసు సరిచేస్తున్నట్టు వంగాడు. ఒకడు తాపీగా నీళ్లు తాగాడు. మిగతావాళ్లు కాళ్లు నేలకి ఆనించి, వాన వస్తుందేమోనన్నట్టు ఆకాశం చూశారు. పందెంలో ఉన్నవాళ్లందరూ గీతకి అంత దగ్గరలో, ఎవరో పిలిస్తే తప్ప లోపలికి రాని చుట్టాల్లా నిలబడిపోయారు. రోడ్డుకి రెండువైపులా ఊరు నోరు తెరుచుకుని చూస్తోంది.

ఒడీల్ వాళ్లందరినీ చూశాడు. అప్పుడతనికి అర్థమైంది.

ఇంకా సమయముంది. చక్రం తిరిగి తన సైకిలుకి పెట్టుకుంటే చాలు. అందరూ అతనికోసమే ఆగారు. అతను నా దగ్గరికి వచ్చి నా మీద అరచెయ్యి పెట్టాడు. అంతకాలం మోసిన నన్ను అతను చేత్తో అలా తాకడం అదే మొదలు. చెయ్యి బరువుగా ఆనింది. దేశంలో ఇంకెవరికీ అక్కర్లేని ఒక చిన్న ఊరి పూలగుత్తి కోసం ఒక మనిషి ఇంత బరువు మోస్తాడా అనిపించింది. తర్వాత మెల్లగా ఆ చెయ్యి తేలికైంది.

"నాన్న ఆ మేకు కొట్టింది గెలిచిన పూలకి. ఇచ్చిన పూలకి కాదు," అన్నాడు.

అని, మోకాళ్ల మీద కూర్చుని తన చక్రాన్ని జెరోమ్ సైకిలుకి బిగించడం మొదలుపెట్టాడు. సరిగ్గా అప్పుడే మలుపు దగ్గర నుంచి రొప్పుకుంటూ ఎవరో వచ్చారు. కామీల్. ఆ ఏడాది అతనికి ఎందుకో కొట్టుకి వెళ్లబుద్ధి కాలేదట. మొహం బీట్‌రూట్‌లా ఉంది. ఆగిపోయిన గుంపుని చూసి ఏదో ప్రమాదం జరిగిందనుకున్నాడు. కాస్త దారివ్వండి నాయనా అని మర్యాదగా అడుగుతూ, అందరి మధ్యనుంచి తోసుకుని, తలొంచుకుని తొక్కుకుంటూ పోయాడు. గుంపుకి బుర్ర పనిచేసేసరికి ఆయన గీత దాటేశాడు. పూలగుత్తి చేతిలో పెడితే ఎవరికివ్వమంటారని అడిగాడట పాపం.

జెరోమ్ సైకిలెక్కలేదు. ఒడీల్ చక్రం తగిలించిన తన సైకిలుని నడిపిస్తూ నడిచాడు. ఒడీల్ ఒక చేత్తో నన్నూ, ఇంకో చేత్తో పంక్చరైన చక్రాన్నీ పట్టుకుని పక్కన నడిచాడు. ముందు చక్రం లేక నేను గుర్రం ముందరి కాళ్లెత్తినట్టు లేచి ఉన్నాను. దారి పొడుగునా జెరోమ్ తిడుతూనే ఉన్నాడు. ఇంత తెలివితక్కువవాణ్ణి బెల్జియం కనలేదనీ, ఇన్నాళ్లు నీళ్లు మోసి మోసి బుర్రలోకి కూడా నీళ్లు పోయాయనీ తిట్టాడు. తిడుతూ కళ్లు తుడుచుకున్నాడు. ఇద్దరూ అందరికన్నా ఆఖర్న గీత దాటారు. జనంలో మొదట ఎవరూ చప్పట్లు కొట్టలేదు. తర్వాత ఎవరో కొట్టారు, తర్వాత ఆపడం ఎవరి తరమూ కాలేదు.

సిడోనీ వాళ్లని తిన్నారా అని అడిగి, లోపల కూర్చోబెట్టింది. నన్ను కిటికీ కింద ఆనించారు కాబట్టి నాకంతా వినపడింది. జెరోమ్ జరిగిందంతా చెప్పేశాడు. చేతిదాకా వచ్చింది నోటిదాకా రాకుండా చేసుకున్నాడమ్మా నీ కొడుకు, మేకు ఖాళీగా ఉండిపోయింది, అంతా నా టైరు వల్లే అని వాపోయాడు. సిడోనీ వింటూనే పొయ్యి దగ్గర పని చూసుకుంటోంది. ముక్కలు వేగాయి కాబోలు, దేవి పళ్లెంలో వేసిన చప్పుడైంది.

"ఏటా ఎవడో ఒకడు గెలుస్తాడు ఈ గుమ్మం ముందు," అన్నది. "మర్నాటికి వాళ్ల పేరైనా గుర్తుండదు నాకు. మీ నాన్న చెప్పింది నువ్వు పందేలు తొక్కినంతకాలం. ఇక తొక్కవు కదా. గరిటెకి చోటు లేక చస్తున్నాను."

ఆ వెంటనే ఇనుము మీద ఇనుము తగిలిన చిన్న చప్పుడు వినపడింది. చిల్లుల గరిటె మేకు ఎక్కింది.

 తర్వాత ఒడీల్ నవ్వాడు. మొదట ముక్కుతో, తర్వాత నోటితో, తర్వాత కుర్చీ కిర్రుమనేలా నవ్వాడు. అన్నేళ్లలో అతను అలా నవ్వడం నేను వినలేదు. ఆ సాయంత్రం నన్ను లోపలికి తెచ్చాక, గ్లాసులు కడుగుతూ తల పైకెత్తి ఆ గోడ వైపు ఎన్నిసార్లు చూశాడో. చూస్తే ఏముంది, నూనె కారుతున్న గరిటె. నాకు దుఃఖం వస్తుందనుకున్నాను. రాలేదు, చల్లగా అనిపించింది. కాలవలో మునిగిన రోజుల తర్వాత మళ్లీ అంత చల్లగా అనిపించింది ఆ రోజే.

సైకిలు అటకెక్కింది. కఫే ఒడీల్ చేతికొచ్చింది. ఇన్నాళ్లు నీళ్లు మోసినవాడు బీరు మోయడం మొదలుపెట్టాడు, పెద్ద తేడా ఏమీ కనపడలేదు నాకు. నన్ను మాత్రం అటక మీద ఉంచబుద్ధి కాలేదతనికి. ఒక లావుపాటి ఇనప గొట్టానికి బిగించి, కింద బరువైన దిమ్మె పెట్టి, బల్ల చివర ఎత్తు కుర్చీగా నిలబెట్టాడు. పెద్ద రేసుగాడి సీటని కొత్తగా వచ్చినవాళ్లు సరదాపడి ఎగిరి కూర్చుంటారు, అంతే వేగంగా లేస్తారు. ఎడమవైపు తడుముకుంటారు. తాగి తూలేవాళ్లని కూడా నేను ఒక్క క్షణంలో నిటారుగా నిలబెట్టాను. ఒడీల్‌కి నా మీద కూర్చునే తీరికలేదు, అటూ ఇటూ తిరుగుతూనే ఉంటాడు. ఏటా తిరునాళ్ల ముందు మాత్రం కొవ్వు రాసి, గుడ్డతో తుడుస్తాడు. వాన నా మీద పడక ఏళ్లయింది. ఇంతకన్నా ఒక తోలుముక్కకి ఏం కావాలి?

ఒక్క విషయం చెప్పి ముగిస్తాను. ఏటా తిరునాళ్ల రోజున జెరోమ్ వస్తాడు. ఇప్పుడు భుజాలు వంగాయి, పొట్ట వచ్చింది, చేతిలో కర్ర ఉంటుంది. కఫేలో మెత్తటి కుర్చీలు బోలెడున్నాయి. అన్నిటినీ దాటుకుని, కర్ర ఊతంగా, కష్టపడి నా మీదికి ఎక్కుతాడు. నా గుంటలు అతనికి అప్పుడూ సరిపోలేదు, ఇప్పుడూ సరిపోవు. మేకు మాత్రం సరిపోతుంది. బీరు తెచ్చి ముందు పెడుతూ ఒడీల్ ఏటా అదే మాట అంటాడు.

"కిటికీ దగ్గర మెత్తది ఉంది కదా."

"ఇక్కడే బావుంది," అంటాడు జెరోమ్.

అబద్ధం చెప్పేవాడు ఒక పక్కకి ఒరుగుతాడని మొదట్లోనే చెప్పాను. ఆ మాట అన్నప్పుడల్లా జెరోమ్ కుడిపక్కకి ఒరుగుతాడు. ఒడీల్ అది చూసి, చూడనట్టు బల్ల తుడుస్తాడు. బయట సైకిళ్లు చుట్టు వెనక చుట్టు తిరుగుతుంటాయి. ఎవడో గెలుస్తాడు, జనం కేకలు వేస్తారు, జెరోమ్ అటు తిరిగి కూడా చూడడు. ఆఖరివాడు గీత దాటేదాకా నా మీద నుంచి లేవడు.